ఏడాదికి 2,800 డాలర్లతో ఎలా బతికారు?

నిన్న పొద్దున పెల్ గ్రాంట్ డబ్బులు పడ్డాయి, అంటే ఆదాయం తక్కువున్న విద్యార్థులకి అమెరికా ప్రభుత్వం ఇచ్చే చదువు సాయం. క్లాసులు మొదలై ఏడు వారాలైంది. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను. చల్లారితే మర్యాదగా రాస్తానేమో.

మాది గుంటూరు. నేను పుట్టిన 2005లో మావయ్య అమ్మ కోసం వేసిన గ్రీన్‌కార్డు పిటిషన్ నాకు పద్దెనిమిది దాటాక తెమిలింది. 2024 జూన్‌లో కాలిఫోర్నియా వచ్చి, బే ఏరియాలో మావయ్య వాళ్ల దగ్గర దిగాం. ఇక్కడ ఏడాది మీద ఒక్క రోజు నివాసం ఉంటేనే కమ్యూనిటీ కాలేజీలో లోకల్ ఫీజు. అందుకని ఏడాది పాటు శాండ్‌విచ్ షాపులో ఉల్లిపాయలు తరిగి, 2025 ఆగస్టులో చేరాను. కోర్సుల్ని యూనిట్లలో లెక్కేస్తారు, యూనిట్‌కి 46 డాలర్లు. ఫుల్‌టైమ్ అంటే 12 యూనిట్లు, 552 డాలర్లు. ఈ ఫీజు మాఫీకి కాలిఫోర్నియా కాలేజ్ ప్రామిస్ గ్రాంట్ ఉంది. దాని ఫారం వేరు, పది నిమిషాల పని. ఫాఫ్సా (పెల్ లాంటి ప్రభుత్వ సాయానికి పెట్టే దరఖాస్తు) తేలేదాకా ఆగకుండా దాన్ని ముందే పెట్టేయండి. హెల్త్ ఫీజు, పుస్తకాలు మాత్రం అందులోకి రావు.

ఫాఫ్సా నింపడానికి పైసా కట్టక్కర్లేదు. ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మా అపార్ట్‌మెంట్లోనే ఉండే ఒక తెలుగాయన 250 డాలర్లిస్తే నింపిపెడతానన్నాడు. అమ్మ దాదాపు ఇచ్చేసేదే. కొత్తగా వచ్చినవాళ్ల భయం మీద బతికేవాళ్లు మనవాళ్లలోనే ఎక్కువ. నేనే కూర్చుని ఒక్క సాయంత్రంలో నింపాను. కష్టమైందల్లా ఫాఫ్సా సైట్లో అమ్మ అకౌంటు తెరవడం. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండటంతో గ్రీన్‌కార్డు మీద పేరుకు ముందు ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని పడింది. సోషల్ సెక్యూరిటీ వాళ్ల దగ్గర పేరు ఎలా ఉందో అచ్చం అలాగే కొట్టాలి. మూడోసారికి కుదిరింది.

అసలు కథ ఆదాయం దగ్గర మొదలైంది. ఇరవై నాలుగేళ్లు నిండక, పెళ్లి కాకపోతే అమ్మానాన్నల ఆదాయం చూపాలి. అదీ ఇప్పటిది కాదు. 2025–26 ఫారానికి 2023 ఆదాయం. 2023లో మేం గుంటూరులో ఉన్నాం. నాన్న మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమస్తా. నెలకి ఇరవై వేలు, ఏడాదికి రెండు లక్షల నలభై వేలు. ఫారం నింపే రోజున ఉన్న రేటుతో డాలర్లలోకి మార్చాలి. ఏప్రిల్‌లో నేను నింపిన రోజు డాలరు 85 రూపాయల పైచిలుకు. లెక్క 2,800 డాలర్లకు కాస్త అటూ ఇటూ తేలింది. మాకొచ్చిన ఎయిడ్ ఇండెక్స్ (ఎంత తక్కువైతే అంత సాయం అవసరమని చెప్పే అంకె) మైనస్ 1500. అంతకంటే కిందికి పోదట. కోచింగ్‌లో మైనస్ మార్కులకు ఏడ్చినదాన్ని, దీనికి స్వీట్ తిన్నాను.

మే నెలలో కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసు నుంచి మెయిల్: మీరు వెరిఫికేషన్‌కి ఎంపికయ్యారు. టాక్స్ రిటర్న్ ఇవ్వండన్నారు. రెండు లక్షల నలభై వేలకి ఇండియాలో టాక్స్ లేదు, రిటర్న్ వెయ్యలేదు. జీతం కాగితం తెమ్మన్నారు. వాళ్ల ఏడాది జనవరి నుంచి, మనది ఏప్రిల్ నుంచి. నాన్న రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేస్తే అక్కడ షావుకారుగారు కొట్టు తీసే వేళ. పాపం, జనవరి నుంచి డిసెంబరు దాకా నెలనెలా రాసి పంపారు.

ఎమ్మార్వో ఆఫీసు ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రం ఉందిగా, అది పెట్టమన్నాడు మావయ్య. అందులో 96,000 అని ఉంది. ఎందుకలా ఉందో తెలుగువాళ్లకి నేను చెప్పక్కర్లేదు. నాన్న వద్దన్నారు. నాకైతే నిజాయితీ కంటే, 2,800కే నమ్మనివాళ్లు అందులో సగం కూడా లేనిదాన్ని చూసి ఏమంటారోనన్న భయమే ఎక్కువ.

జూలైలో ఇంకో ఫారం ఇచ్చారు. ఆదాయం మరీ తక్కువగా ఉంది, 2023లో మీ కుటుంబం ఎలా గడిచిందో చెప్పండి అని. అద్దె ఎంత, తిండికెంత, కరెంటుకెంత, ప్రయాణాలకెంత, ఎవరు కట్టారు, అన్నీ గడులే. అద్దె సున్నా, ఇల్లు నానమ్మది. బియ్యం సున్నా, నానమ్మ పేరున తెనాలి దగ్గరున్న ఎకరం కౌలుకిస్తే ఏడాది గింజలు వస్తాయి. సున్నాలు పెట్టి ఇచ్చాను. సున్నాలు కుదరవని వెనక్కి పంపారు.

నాన్నని తీసుకుని కౌంటర్ దగ్గరికి వెళ్లాను. అదే పొరపాటు. కౌంటర్లో ఉన్నావిడ కాగితం రెండు వైపులా తిప్పి చూసి, "ఇది నెల ఆదాయమా, ఏడాదిదా?" అంది. ఏడాదిదన్నాను. "నలుగురా?" అంది. అవునన్నాను. నాన్న వైపు చూసి, పక్క కౌంటర్‌కి కూడా వినపడేలా, ఒక్కొక్క మాటా విడివిడిగా అడిగింది. "మరి, మీకు, డబ్బు, ఎవరిచ్చేవారు?" నాన్నకి ఇంగ్లీషు అంతంతమాత్రం, కానీ ఈ ప్రశ్న అర్థమైంది. ఇరవై ఆరేళ్లు లక్షల సరుకుకి లెక్క రాసి రూపాయి తేడా రానివ్వని మనిషి. "నేను పనిచేశాను మేడమ్" అన్నారు. ఆవిడ నావైపు తిరిగి, ఇల్లూ తిండీ ఎవరిచ్చారో వాళ్లతో ఉత్తరం తెప్పించమంది, సంతకంతో.

బస్సులో నాన్న ఏమీ మాట్లాడలేదు. దిగేముందు మాత్రం, "మనం ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదని రాయడానికి ఒక గడి ఉందేమో చూడమ్మా" అన్నారు. లేదు, నేను చూశాను.

నానమ్మకి ఫోన్ చేస్తే మొదట నవ్వింది, తర్వాత తిట్టింది. "ఏందమ్మాయ్, కన్నకొడుక్కి అన్నం పెట్టినందుక్కూడా కాయితం రాయాలా?" మేనత్త రాసిచ్చిన కాగితం మీద నానమ్మ తెలుగులో సంతకం చేసింది. అది ఇస్తే, ఈ గీతలేంటి, సంతకం ఎక్కడ అని అడిగారు. అదే సంతకమని చెప్పడానికి ఇంకో వారం పట్టింది. ఈలోగా క్లాసులు మొదలయ్యాయి. పుస్తకాలకి మావయ్య దగ్గర 400 డాలర్లు తీసుకున్నాను. అత్తయ్య ఏమీ అనలేదు గానీ, ఆ వారం ప్రతి భోజనంలోనూ కాలేజీ ఖర్చుల ప్రస్తావన వచ్చింది.

చివరికి వాళ్ల గడులు పక్కన పెట్టేసి, నేనే ఒక పేజీ రాశాను. అమ్మని కూర్చోబెట్టి 2023 మొత్తం నెలనెలా అడిగాను. పాల ప్యాకెట్, కరెంటు బిల్లు, నా బస్సు పాసు, అన్నీ నోటి మీదే చెప్పింది. జాకెట్లు కుట్టి తను సంపాదించిందీ లెక్కలోకి వచ్చింది, ఫాఫ్సా ఫారం మళ్లీ దిద్దాను. ఆ ఆగస్టు చివర్లో గ్యాస్ బండ మీద 200 తగ్గించారని అమ్మకి గుర్తుంటే, అంతకు ముందు ధర, తర్వాత ధర విడిగా చూపించాను. గొప్ప చెప్పుకుంటున్నాననుకున్నా సరే, ఆ ఆఫీసులో ఎవరూ అంత మంచి లెక్క చూసి ఉండరు. గురువారం వెళ్లాను, ఆవిడ ఉండదని తెలుసుకుని మరీ. పెద్దాయన ఒకాయన పేజీ అంతా చదివాడు. కౌలు అంటే ఏమిటో ఒక్కటే ప్రశ్న అడిగాడు. ఐదు నిమిషాల్లో పని ముగించాడు. జూలైలో ఆవిడ చెయ్యలేనిది ఇందులో ఏముందో నాకిప్పటికీ అర్థం కాలేదు.

కాబట్టి కౌంటర్‌కి వెళ్లేటప్పుడు అమ్మానాన్నల్ని తీసుకెళ్లకండి. సంతకాలు ఇంట్లో చేయించుకోండి. ఎవరు ఏం చెప్పినా మెయిల్‌లో రాయించుకోండి. హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల భార్య/భర్త, పిల్లల వీసా) మీద ఉన్నవాళ్లకి పెల్ గ్రాంట్ రాదు, నన్నడగొద్దు.

ఏడాది మొత్తానికి 7,395, అందులో సగం ఇప్పుడు వచ్చింది. మావయ్య 400 నిన్ననే ఇచ్చేశాను, అత్తయ్య ఎదురుగానే. 2026–27 ఫారం అప్పుడే తెరిచారు. దానికి 2024 ఆదాయం కావాలి. మేలో మానేసేదాకా మిర్చి యార్డు, ఆ తర్వాత ఇక్కడ గిడ్డంగిలో నైట్ షిఫ్టు. షావుకారుగారికి మళ్లీ ఫోన్ చెయ్యాలని నాన్నకి ఇంకా చెప్పలేదు.