బజారులో కూర్చుని చేసే ధ్యానం

ఖుర్ఆన్‌లో నూర్ సూరా (అధ్యాయం) 37వ ఆయత్ (వాక్యం) ఎప్పుడైనా నిదానంగా చదివారా? వ్యాపారం గానీ క్రయవిక్రయాలు గానీ అల్లాహ్ స్మరణ నుంచి మరల్చలేని మనుషుల గురించి చెప్తుంది అది. వాళ్ళు వ్యాపారం మానేశారని మాత్రం ఎక్కడా అనదు, నన్ను కట్టిపడేసింది అదే. బయట బేరం నడుస్తుంటుంది, లోపల జిక్ర్, అంటే అల్లాహ్ స్మరణ, నడుస్తుంటుంది.

సూఫీ ధ్యానం అనగానే చాలామందికి గిరగిరా తిరిగే దర్వేషులో (సూఫీ సాధకులో), దర్గాలో ఖవ్వాలీనో గుర్తొస్తాయి. అవీ ఉన్నాయి, సూఫీ శాఖల్లో మెవ్లెవీలది అది, చిష్తీలది ఇది. కానీ మధ్య ఆసియాలోని బుఖారా వైపు నుంచి వచ్చిన నఖ్ష్‌బందీ దారిలో చూడ్డానికి ఏమీ ఉండదు, జిక్ర్ మనసులోనే, పెదవి కూడా కదలదు. ఆ దారికి పేరిచ్చిన బహావుద్దీన్ నఖ్ష్‌బంద్ (1318-1389) కంటే ముందే గిజ్దువాన్ ఊరి అబ్దుల్ ఖాలిఖ్ ఎనిమిది సూత్రాలు చెప్పారు. మొదటిది హోష్ దర్ దమ్, అంటే ఒక్క ఊపిరి కూడా మరుపులో పోకూడదని. తర్వాత నజర్ బర్ ఖదమ్, నడిచేటప్పుడు చూపు పాదాల మీదే ఉండాలి, ఎందుకంటే కన్ను పోయిన చోటికల్లా మనసూ పోతుంది కదా. ఇంకోటి ఖల్వత్ దర్ అంజుమన్, జనం మధ్యలోనే ఏకాంతం, పైన చెప్పిన ఆయత్‌కి ఆచరణ అంటే ఇదే అనిపిస్తుంది నాకు. మక్కా దగ్గర మినా బజారులో వేల దీనార్ల బేరాలు చేస్తూ కూడా ఒక్క క్షణం అల్లాహ్‌ని మరవని కుర్రాడి గురించి బహావుద్దీన్ చెప్పేవారని ఆ సంప్రదాయంలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

కూర్చుని చేసేదాన్ని మురాఖబా అంటారు. వుజూ చేసుకుని (నమాజ్‌కి ముందులాగే చేతులూ ముఖమూ కాళ్ళూ శుభ్రం చేసుకుని), కళ్ళు మూసుకుని, తల కొంచెం వంచి, ఎడమ రొమ్ము కింద గుండె దగ్గర ధ్యాస పెట్టాలి. దీనికి ఆధారంగా జిబ్రీల్ హదీసు (జిబ్రీల్ దూత అడిగితే ప్రవక్త ఇచ్చిన జవాబు) చెప్తారు: అల్లాహ్‌ని చూస్తున్నట్టే ఆరాధించు, నువ్వు చూడలేకపోయినా ఆయన నిన్ను చూస్తున్నాడు. ఆలోచనలు వస్తాయి, రానీ, వాటితో కొట్లాటకి దిగకుండా మళ్ళీ అల్లాహ్ పేరు దగ్గరికే రావడం, మొదట్లో పని అంతా ఇదే.

లా ఇలాహ ఇల్లల్లాహ్ (అల్లాహ్ తప్ప వేరే దేవుడు లేడు) అనేదాన్ని ఊపిరి బిగబట్టి చేసే పద్ధతి కూడా ఉంది, అది మాత్రం వీడియోలు చూసి మొదలుపెట్టకండి ప్లీజ్. ఎన్నిసార్లు, ఎంతసేపు అన్నది ముర్షిద్, అంటే దారి చూపే గురువు, మనిషిని చూసి చెప్తారు. ఆయన దొరికేదాకా ఇషా (రాత్రి) నమాజ్ తర్వాత కాసేపు ఊరికే కూర్చుని అల్లాహ్‌ని తలుచుకోండి, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.