కామిషిబాయ్‌లో ఇంకొకరి కథ చెప్పాలంటే

జపాన్‌లో చదువుకుంటూ వలస కార్మికుల గురించి చెప్పడానికి నేను ఎంచుకున్నది కామిషిబాయ్, అంటే బొమ్మల అట్టల కథ. 1930లలో సైకిలు మీద చెక్క చట్రం పెట్టుకుని, పిల్లలకు మిఠాయిలు అమ్ముతూ వీధుల్లో చెప్పేవారు. యుద్ధకాలంలో ఇదే చట్రంలోంచి ప్రభుత్వ ప్రచారమూ నడిచింది. అందుకే ఇందులో నీతి బోధించాలంటే నాకు జంకు.

నా కథ టెక్నికల్ ఇంటర్న్‌లది, అంటే పని నేర్చుకునే పేరుతో జపాన్ వచ్చి పనిచేసే విదేశీయులది. 1993లో మొదలైన ఈ పద్ధతిలో పనిచోటు ఇష్టమొచ్చినట్టు మారే వీల్లేదు. వాళ్ల పాస్‌పోర్టు యజమాని దాచుకోవడం మాత్రం నేరం. కథ ఇచ్చినవాళ్ల పేరు తీసేస్తే సరిపోదు. చిన్న ఊళ్లో ఆ దేశంవాళ్లు ముగ్గురే ఉంటే దేశం పేరే పట్టిస్తుంది. నేను దేశం, పని రెండూ మార్చి, ఇద్దరు ముగ్గురి అనుభవాలు కలిపేస్తాను. రంగులు వెయ్యకముందే పెన్సిల్ బొమ్మలు వాళ్లకు చూపించాలి. రంగులు పడ్డాక "ఇది వద్దు" అనడానికి మొహమాటపడతారు.

అట్టలు బీ4 సైజు (ఏ4 కాగితం కంటే పెద్దవి), 12 చాలు. పల్చటి కాగితమైతే రెండేసి కలిసి వచ్చేస్తాయి, జూన్ వానల్లో వంగిపోతాయి కూడా. గీతలు లావుగా ఉండాలి. అయిదు మీటర్ల దూరంలో నిలబడి చూసుకోండి, సన్నగీత మాయమైపోతుంది.

అందరూ తప్పు చేసేది మాటలు రాసేచోట. మొదటి బొమ్మ జనానికి కనబడుతుంటే చెప్పేవాడి కళ్లెదుట ఉండేది చివరి అట్ట వీపు. చూపించేసిన అట్టను లాగి కట్ట వెనక పెడతాం. కాబట్టి 1వ బొమ్మ మాటలు 12వ అట్ట వెనక, 2వ దానివి 1వ అట్ట వెనక రాయాలి. అట్టకు నాలుగైదు వాక్యాలు మించితే జనం బొమ్మ వదిలేసి మన మొహం చూస్తారు.

మన చేర్యాల బొమ్మల పటాన్ని చుట్ట విప్పుతూ చూపిస్తారు. ఇక్కడ పాత బొమ్మ పక్కకు జరిగితేనే కొత్తది బయటపడుతుంది. చూసేవాళ్ల ఎడమవైపుకు లాగుతాం కనుక కొత్త బొమ్మలో ముందు కనబడేది కుడి అంచు. నా కథలో యజమాని పాస్‌పోర్టు దాచిన సొరుగును ఎడమ చివర గీసి, సగం లాగి ఆపితే అది ఇంకా దాగే ఉంటుంది. ఎక్కడ ఆపాలో అట్ట వెనక పెన్సిల్‌తో గీత పెట్టుకోండి.

డబ్బు తీసుకుని ప్రదర్శిస్తే అది పనే. విద్యార్థి వీసా మీద విడిగా అనుమతి కావాలి, అదీ మామూలుగా వారానికి 28 గంటలే.

12వ అట్ట మీద సొరుగు మూసే ఉంటుంది. "ఇప్పుడు ఎవరిని అడగాలి?" అని ఆపేస్తాను. కార్మిక శాఖ ఫోన్ నంబరు రాసిన చీటీలు మాత్రం జేబులో సిద్ధంగా ఉంచుకుంటాను.