నాలుగు యుకులేలీలు: పక్కచెక్కలు వంగాయి, ఫ్రెట్ల పని మొదలైంది

మేం చేస్తున్న నాలుగు యుకులేలీల (గిటార్‌లాంటి నాలుగు తీగల చిన్న వాద్యం) పెట్టెలూ మూత వేసే దశకు వచ్చాయి. అన్నీ కాన్సర్ట్ సైజువే, స్కేలు, అంటే తీగ మోగే పొడవు, 380 మి.మీ. అంతకన్నా చిన్నదైన సొప్రానో ముద్దుగా ఉంటుంది కానీ మా ఆయన వేళ్లకు ఆ ఫ్రెట్ల (మెడ మీద అడ్డంగా దిగేసే లోహపు కడ్డీలు) మధ్య చోటు చాలదు. పై పలక స్ప్రూస్, పక్కలూ వెనకా మహాగని.

పక్కచెక్కల గురించే ఎక్కువ చెప్పాలి. చిత్రిక పట్టి 1.8 మి.మీ.కి తెచ్చాక, కాస్త తడిపి వేడి గొట్టం మీద వంచాం. నీటి చుక్క పడగానే చిందులు తొక్కాలి, అంత వేడి. మొదట నడుము, ఆ తర్వాతే పైనా కిందా. అన్నిటికన్నా బిగువైన వంపు నడుముదే. బయటి వైపు పలుచని రేకు పట్టీ ఆనిస్తే నార చీలదు. చెక్క మెత్తబడటం చేతికి తెలుస్తుంది, అప్పుడే వంచాలి. ఆ క్షణం మామయ్యగారికి తెలిసినట్టు మాకెవరికీ తెలియదు. గొట్టం దగ్గర ఎప్పుడూ "ఆగమ్మా, ఇంకా కాలేదు" అన్న మాటే.

లోపలి అంచుకు అతికే గాట్ల పట్టీలకు బట్టల క్లిప్పులే సరిపోయాయి. క్లాంపులు కొనబోయేవాళ్లు కాస్త ఆగండి.

పై పలక 2 మి.మీ. తట్టి వింటూ లోపలి బద్దలను సన్నబరిచాం. గిటార్‌తో పోలిస్తే ఇక్కడ తీగల లాగుడు తక్కువ, బద్దలు బలంగా వేస్తే ధ్వని మూగబోతుంది. గాలిలో తేమ 45–50 శాతం ఉన్నప్పుడే జిగురు పెట్టాం. తేమ రోజున అతికితే, గాలి పొడిబారాక పలక అడ్డంగా కుంచించుకుంటుంది. బద్ద అంతగా కుంచించుకోదు. ఇక చీలేది పలకే.

ఫ్రెట్ల లెక్క మా అమ్మాయిది. 380ని ఈ లెక్కకు వాడే స్థిర సంఖ్య 17.817తో భాగిస్తే మొదటి ఫ్రెట్ 21.33 దగ్గర. మిగిలిన 358.67ను మళ్లీ అదే సంఖ్యతో భాగిస్తే తర్వాతి దూరం 20.13. ఇలా పోతే 12వది సరిగ్గా సగంలో, 190 దగ్గర పడాలి. ప్రతి గీతనూ నట్ (మెడ పై చివర తీగలు ఆనే పట్టీ) నుంచే కొలుస్తోంది. ముందటి ఫ్రెట్ నుంచి కొలిస్తే చిన్న చిన్న తేడాలన్నీ పోగుపడతాయి. రంపం గాడి 0.6 మి.మీ., వదులైతే ఫ్రెట్ నిలవదు.

తల భాగం చేప ఆకారంలో ఉండాలని మా అబ్బాయి పట్టు. చూద్దాం.

శాడిల్‌ను (పెట్టె మీద తీగలు ఆనే పట్టీని) లెక్కకన్నా సుమారు 2 మి.మీ. వెనక్కి పెడతాం. తీగ నొక్కినప్పుడు సాగి స్వరం కాస్త పెరుగుతుంది, ఆ తేడా అక్కడ సర్దుకుంటుంది. 12వ ఫ్రెట్ మీద తీగ ఎత్తు 2.5 మి.మీ.కి తేవాలి. నాలుగో తీగకు పై స్థాయి జి స్వరం కావాలా, కింది స్థాయి జి కావాలా అన్నది మాత్రం ఇంట్లో ఇంకా తేలలేదు. కింది జి తీగ లావు కాబట్టి, నట్‌లో గాడులు కోసేలోపే తేల్చుకోవాలి.