ఎడమ దవడలో వెండి ఫిల్లింగ్

మొదట బయటపెట్టింది కొత్తావకాయ. వేడన్నంలో కలిపిన మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే ఎడమ బుగ్గ లోపల భగ్గుమంది. కారం ఎక్కువైందేమో అనుకున్నాను. పిల్లలు మాత్రం నెయ్యేసుకుని హాయిగా లాగించేస్తున్నారు. వారం తిరిగేసరికి ఉత్త చారుకీ మంటే. నా భోజనం పెరుగన్నానికి దిగింది.

ఫోన్ టార్చి వేసి అద్దంలో చూసుకుంటే బుగ్గ లోపల తెల్లటి గీతలు, సాలెగూడు అల్లినట్టు. మధ్యలో ఎర్రగా పచ్చిపుండు. నేను గుట్కా కాదు కదా, వక్కపొడి కూడా ముట్టను. అయినా నోట్లో తెల్ల మచ్చ అనగానే మనసు ఎక్కడికి పోతుందో చెప్పక్కర్లేదు. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా పది రోజులు బి కాంప్లెక్స్ మాత్రలు మింగాను. ఆ తర్వాత చూపించిన పళ్ళ డాక్టరు పన్ను గీసుకుంటోందని చెప్పి ఏదో జెల్ ఇచ్చారు. అలా ఇంకో నెల పోయింది.

చివరికి డెంటల్ కాలేజీకి వెళ్ళాను. అక్కడి మేడమ్ బుగ్గ పక్కకి లాగి చూసి, నోరు మూయమని, మళ్ళీ తెరవమన్నారు. "చూడండి సార్, ఆ నల్ల ఫిల్లింగ్ బుగ్గకి ఎక్కడ ఆనుతోందో సరిగ్గా అక్కడే మచ్చ ఉంది."

ఆ ఫిల్లింగ్ నా ఇంటర్ రోజులనాటిది. పిప్పిపన్నుతో రాత్రంతా ఏడిస్తే నాన్న తీసుకెళ్ళారు. డాక్టరు చిన్న గాజు కల్వంలో వెండి పొడి, పాదరసం వేసి నూరి, ఆ ముద్దను గుడ్డలో పెట్టి పిండారు. మిగులు పాదరసం బొట్టుగా జారి బల్ల మీద దొర్లింది. ముచ్చటేసి వేలు పెట్టబోతే కాంపౌండరు చేతి మీద ఒక్కటిచ్చాడు. వెండి ఫిల్లింగ్ అంటాం గానీ అందులో బరువుకి దాదాపు సగం పాదరసమే. మిగతాది వెండి, తగరం, రాగి.

చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపారు. రిపోర్టు వచ్చేదాకా ఎనిమిది రోజులు నాకు నిద్ర లేదు. క్యాన్సర్ కాదు, లైకెనాయిడ్ రియాక్షన్ అన్నారు. అంటే ఆనుతున్న వస్తువు పడక బుగ్గ లోపలి పొర ఇలా మచ్చకట్టడం. తర్వాత ఏది పడట్లేదో తేల్చే ప్యాచ్ టెస్ట్. వీపు మీద వరసగా పట్టీలు అంటించి రెండు రోజులు తడపొద్దన్నారు. మే నెలలో! తీసి చూస్తే పాదరసం పట్టీ కింద ఎర్రటి దద్దురు.

ఈలోగా మా బావమరిది నెట్‌లో చదివి వచ్చాడు. "బావా, ఒళ్ళంతా విషం ఎక్కి ఉంటుంది. ఉన్న ఫిల్లింగులన్నీ పీకించేసి డిటాక్స్ చేయించుకో." మేడమ్‌ని అడిగితే నవ్వారు. "విషం ఎక్కడం వేరు, పడకపోవడం వేరు. మీకు పడలేదు, అంతే. ఫిల్లింగ్ నుంచి పాదరసం ఆవిరి కాస్త వస్తూనే ఉంటుంది, కానీ చాలామందికి దానితో ఇబ్బంది ఉండదు. తొలిచేటప్పుడే ఎక్కువ వస్తుంది. బాగున్నదాన్ని ఎందుకు కెలకడం?"

ఆ ఒక్కటే తీశారు. నోటికి రబ్బరు షీటు కట్టి పన్ను మాత్రం పైకి తేల్చారు. పొడి చేయకుండా, నీళ్ళు చిమ్ముతూ, పక్కన గొట్టంతో పీలుస్తూ ముక్కలుగా కోసి లేపారు. ట్రేలో పడ్డ పెద్ద ముక్క పెసరగింజంత ఉంది. దాన్ని చెత్తబుట్టలో వేయకుండా మూత సీసాలో దాచారు. అందులోని పాదరసం కాలువల్లోకి పోతే చేపల దాకా చేరుతుందట. జపాన్‌లోని మినమాటాలో ఫ్యాక్టరీ వదిలిన పాదరసం చేపల ద్వారానే జనాన్ని పట్టి పీడించింది. పాదరసాన్ని కట్టడి చేయడానికి ఆ ఊరి పేరుతో దేశాలు చేసుకున్న ఒప్పందంలో మన దేశం 2018లో చేరింది. యూరోపియన్ యూనియన్‌లో అయితే 2025 జనవరి నుంచి, వైద్యపరంగా తప్పనిసరైతే తప్ప ఈ ఫిల్లింగే వాడకూడదు.

పన్ను రంగు సిమెంట్ పెట్టి నీలం లైటు కొట్టి పంపేశారు. మర్నాటికే తగ్గిపోతుందని నేననుకున్నాను. నెల దాటినా మచ్చ అలాగే ఉంటే మళ్ళీ టెన్షన్. ఆరో వారంలో ఎరుపు తగ్గింది, మూడో నెలకి గీతలు పలచబడ్డాయి. ఇప్పుడు వెతికితే ఒకే ఒక్క గీత కనిపిస్తుంది. ఆరు నెలలకోసారి చూపించుకుంటున్నాను.

కుడి వైపు ఇంకో వెండి ఫిల్లింగ్ ఉంది. అది బుగ్గకి తగలదు, దాని జోలికి ఎవరూ పోలేదు. బావమరిది మాత్రం ఎప్పుడొచ్చినా "ఏదీ, నోరు తెరువు బావా" అంటాడు.