గోలెంలో వెంట్రుక పురుగు

పొద్దున్నుంచి ఒకటే చిరాకు. రాస్తే తప్ప నిద్ర పట్టేలా లేదు.

బర్ల గోలెంలో పురుగు కనిపించింది. జానెడుకు పైనే ఉంది, ముదురు గోధుమ రంగు, కుట్టుదారమంత సన్నం. తనను తానే ముడేసుకుంటూ, మళ్లీ విప్పుకుంటూ తిరుగుతోంది. పక్కనే ఒక కీచురాయి తేలుతోంది. "పారబొయ్ పిల్లా, బర్లు తాగితే బతకవు" అని అత్తమ్మ ఒకటే గోల. బోరు మోటారు రిపేరుకు పోయిన పూట నిండు గోలెం నీళ్లు తోడి పారబోశాం.

అది చాలదన్నట్టు బావగారు ఫ్యామిలీ గ్రూపులో వీడియో పెట్టారు. ఆ పురుగు కడుపులోకి పోతే పేగులు కొరికేస్తుందట, మనిషికైతే మెదడుకెక్కుతుందట. కింద అందరూ దండాల బొమ్మలు పెట్టారు. నిజమేనా అని ఒక్కరైనా అడగలేదు. డిగ్రీలు చదివినవాళ్లు కూడా!

కొరకడానికి దానికి ఏముందని? అది గుర్రపు వెంట్రుక పురుగు. పెద్దదయ్యాక అసలేమీ తినదు, పేగు ఉన్నా పనిచేయదు. ఊపిరికి, రక్తానికి వేరే అవయవాలే లేవు. మందమైన తోలు, దాని కింద నిలువు కండరాలు మాత్రమే. అడ్డ కండరాలు లేవు కాబట్టే అలా మెలికలు పడుతుంది. లోపల మిగిలిందంతా దాదాపు గుడ్ల కోసమే. మనుషులకు గానీ పశువులకు గానీ దానివల్ల ఏ హానీ లేదు.

హానంతా కీచురాళ్లకే. గుడ్డులోంచి వచ్చిన పిల్లకు మాత్రం ముందు భాగంలో ముళ్లుంటాయి. వాటితో నీటిలోని పురుగు పిల్లల్లోకి తొలుచుకుపోయి, గూడు కట్టుకుని ఉంటుంది. అలా లోపల దాన్ని మోస్తున్న నీటి పురుగుకు రెక్కలొచ్చి ఒడ్డున చస్తే, కీచురాయి దాన్ని తింటుంది. ఇక వెంట్రుక పురుగు పిల్ల కీచురాయి ఒంట్లోనే, నోటితో పని లేకుండా చర్మంతో పీల్చుకుంటూ పెరుగుతుంది. అది పూర్తిగా పెరిగాక కీచురాయి నీళ్లను వెతుక్కుంటూ వచ్చి దూకేస్తుంది, అప్పుడు పురుగు బయటికొస్తుంది. ఫ్రాన్స్‌లో ఒక అడవి పక్కన శాస్త్రవేత్తలు దీన్ని కళ్లారా చూసి 2002లో రాశారు. కీచురాయి మునగకపోతే ఒక్కోసారి బతుకుతుందట కూడా.

ఇదంతా అత్తమ్మకు చెబుదామని లేచి, ఆగిపోయాను. మా తాత కాలు గుర్తొచ్చింది.

కొల్లాపూర్ వైపు మా అమ్మమ్మగారి ఊళ్లో దిగుడు బావి ఉండేది. మెట్లు దిగి, మోకాళ్ల లోతులో నిలబడి బిందెలు ముంచేవాళ్లు. తాతకు నారి కురుపు లేచింది. చీలమండ దగ్గర పుండు, అందులోంచి తెల్లటి దారంలా నారి పురుగు. పుల్లకు చుట్టి రోజూ కాస్త లాగేవాళ్లు. తెగితే కాలంతా వాచిపోతుందని ఊపిరి బిగబట్టి లాగేవాళ్లు. అరుగు మీద తాత పళ్లు కొరుక్కుంటూ కూర్చునేవాడు, నాట్ల సమయంలో మడిలో దిగలేక. కురుపున్న కాలు బావిలో పెడితే పురుగు పిల్లల్ని వదులుతుంది, కంటికి ఆనని నీటి పురుగులు వాటిని మింగుతాయి, ఆ నీళ్లు తాగినవాడికి ఏడాదికి కురుపు లేస్తుంది. దేశంలో చివరి కేసు 1996లో. 2000లో మన దేశంలో నారి పురుగు లేదని ప్రకటించారు. దిగుడు బావులు మూసి, చేతి పంపులు వేసి, నీళ్లు బట్టలో వడగట్టడం ఇంటింటికీ నేర్పితే పోయిందది.

అత్తమ్మదీ అటువైపు పల్లెలే. నీళ్లలో దారంలా కదిలేది కనబడితే ఆమెకు ఏం గుర్తొస్తుందో నాకు తెలియదా? ఆమె మీద కోపం పోయింది. నారి పురుగు వేరు, ఇది వేరు, జాతులే వేరు అని రేపు పక్కన కూర్చుని చెప్తాను.

బావగారి మీద మాత్రం పోలేదు. ఆయన ఏ కురుపూ చూడలేదు, ఫార్వర్డ్ నొక్కారంతే. ఇప్పుడు అదే గ్రూపులో గోలెంలో బ్లీచింగ్ వేయమని సలహా. వేయనివ్వను. పీచుతో రుద్ది కడిగాం, అది చాలు. కీచురాయి పడితే పైకెక్కడానికి ఒక కర్ర ఆనించి పెడతాను.