పెన్నుగీత దాటిన రాత్రి

పుండు పూర్తిగా మానిందని డాక్టరమ్మ చెప్పి ఏడు నెలలైంది. ఇన్నాళ్ళూ దీని గురించి రాయలేదు. రాస్తే మళ్ళీ వస్తుందేమోనని భయం. మూఢనమ్మకమే అనుకోండి.

నాకు షుగర్ వచ్చి పదమూడేళ్ళు. ఎన్నిసార్లు రక్తం ఇచ్చానో లెక్కలేదు. కళ్ళు చూశారు, కిడ్నీలు చూశారు. సాక్సు విప్పమని మాత్రం ఒక్కరూ అనలేదు. పాదాలు తిమ్మిరెక్కుతున్నాయంటే విటమిన్ బిళ్ళలు రాశారు. కొన్నాళ్ళకు తిమ్మిరి పోయింది. తగ్గిందనుకుని సంతోషించాను. పోయింది స్పర్శ అని తెలియదు.

కుడి అరికాల్లో, రెండో వేలి మొదట్లో ఒక ఆనెకాయ ఉండేది. దాన్ని నేనే బ్లేడుతో చెక్కుకునేవాణ్ణి. రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ డాక్టర్ల తప్పులు చెబుతూ నాది దాచుకుంటే ఎలా? ఒకరోజు స్నానం చేసి వస్తుంటే మా ఆవిడ, "ఏం తొక్కారండీ?" అంది. వెనక్కి తిరిగి చూస్తే నేల మీద నా తడి అడుగులు. ప్రతి కుడి అడుగులోనూ బొత్తామంత ఎర్రటి మచ్చ.

నొప్పి లేదు. అదే నా కొంప ముంచింది. మా బావమరిది చూసి, "నొప్పే లేదంటున్నావు, ఇంక టెన్షనెందుకు బావా? ఆయింట్‌మెంట్ రాసెయ్" అన్నాడు. ఆ మాట నాకు బాగా నచ్చింది. మూడు వారాలు అదే పుండు మీద నడిచి పనికి వెళ్ళాను. ఇప్పటికీ వాడు ఫోన్ చేస్తే నేను తీయను, మా ఆవిడే మాట్లాడుతుంది.

ఒక సాయంత్రం చలి మొదలైంది. రెండు దుప్పట్లు కప్పినా పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. షుగర్ 400 దాటింది. కట్టు విప్పినప్పుడు వచ్చిన వాసన గురించి రాయను. ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న నర్సు, చిన్నపిల్లలా ఉంది, జేబులోంచి బాల్‌పెన్ను తీసి పాదం మీద ఎరుపు ఎక్కడిదాకా ఉందో అక్కడ గీత గీసింది. పక్కనే టైమ్ కూడా రాసింది, 11:40. "ఇది దాటితే నన్ను పిలవండమ్మా" అని మా ఆవిడకు చెప్పి వెళ్ళింది.

సెలైన్‌లో మందు ఎక్కుతోంది. మా ఆవిడ స్టూలు మీద కూర్చుని, ఫోన్ లైటు వేసుకుని ఆ గీతనే చూస్తోంది. నేను ఆమె ముఖం చూస్తున్నాను. రెండింటికి ఆమె ఏమీ అనకుండా లేచి వెళ్ళింది. నాకు అర్థమైపోయింది. ఎరుపు గీత దాటి చీలమండ వైపు రెండు వేళ్ళ మేర పాకింది. తెల్లారేలోపే పాదం కోసి చీము తీశారు. ఆ గీతే లేకపోతే పొద్దున రౌండ్సు దాకా ఆగేవాళ్ళమేమో. ఆ అమ్మాయి పేరు అడగలేదు.

రెండు రోజులకు పెద్ద సర్జన్ వచ్చాడు. నా వైపు చూడలేదు. కాగితాలు తిప్పుతూ మా ఆవిడతో, "మోకాలి కింద తీసేద్దాం. షుగర్ కాళ్ళు ఇంతేనమ్మా, ఇవాళ కాకపోతే రేపైనా తీయాల్సిందే. సంతకం పెట్టండి" అన్నాడు.

ఇంతేనమ్మా! అప్పటికే జ్వరం దిగింది. కాలికి రక్తం అందుతోందో లేదో ఒక్క పరీక్ష కూడా చేయలేదు. కొందరికి కాలు తీస్తేనే ప్రాణం దక్కుతుంది, కాదనను. చూడకుండా తీసేస్తాననడంతోనే నా పేచీ. మా ఆవిడ ఆయనిచ్చిన పెన్నుకు మూత పెట్టి, తిరిగి ఆయన చేతికే ఇచ్చేసింది. ఒక పెద్దమనిషికి ఆమె ఎదురు చెప్పడం నేను చూసింది అదే మొదటిసారి.

రెండో ఆసుపత్రిలో డాక్టరమ్మ కుర్చీ లాక్కుని నా కాళ్ళ దగ్గర కూర్చుంది. నన్ను కళ్ళు మూసుకోమని, నైలాన్ దారం లాంటిదాన్ని పాదం మీద అది వంగేదాకా ఆనించింది. 10 గ్రాముల ఒత్తిడట. "తగిలితే చెప్పండి" అంది. ఎప్పుడు మొదలుపెడుతుందా అని చూస్తున్నాను, అప్పటికే అయిపోయిందట. తర్వాత పుండులోకి సన్నటి స్టీలు పుల్ల దించింది. టక్‌మని చిన్న చప్పుడు. ఎముక. నా ఎముక చప్పుడు నా చెవికి వినిపించింది, కాలికి మాత్రం తెలియలేదు.

చీలమండ దగ్గర బీపీ బాగానే ఉంది. ఆమె నమ్మలేదు. షుగర్ ఉన్నవాళ్ళ రక్తనాళాల్లో కాల్షియం పేరుకుని గట్టిపడతాయట, బీపీ పట్టీ బిగించినా నొక్కుకోవట, అందుకని అంకె దొంగలెక్క చెబుతుందట. వేలి దగ్గర కొలిస్తే నిజం బయటపడింది, చాలా తక్కువ. యాంజియోగ్రామ్ తీసి మోకాలి కింద నాళంలో బెలూన్ వేశారు. తర్వాత రెండో వేలూ, దాని వెనక చెడిన ఎముకా తీసేశారు. వేలు పోయింది, కాలు దక్కింది.

అసలు కష్టం ఆ తర్వాతే. ఇన్‌ఫెక్షన్ తగ్గాక పాదం నుంచి మోకాలి దాకా పిండికట్టు వేశారు. పుండు మీద బరువు పడకుండా ఉంటే సగం వైద్యం అయినట్టేనట. విప్పుకునే బూటు ఇవ్వమని బతిమాలాను. "ఇస్తే ఇంట్లో వేసుకోరు" అంది. నిజమే. పాల్ బ్రాండ్ అనే సర్జన్ గురించి కూడా ఆవిడే చెప్పింది. ఆయన వేలూరులో కుష్ఠు రోగుల కాళ్ళు చూసి, అవి వాటంతటవే కుళ్ళిపోవడం లేదు, నొప్పి తెలియక దెబ్బ మీద దెబ్బ తగిలించుకోవడం వల్లే పాడవుతున్నాయని గ్రహించాడట. ఆ మాట విన్న రోజు, పక్క మంచం మీద కాలు నొప్పని మూలుగుతున్న మనిషిని చూసి నాకు అసూయ కలిగింది.

నాలుగు వారాల్లో పుండు సగానికి తగ్గితే మానే దారిలో పడ్డట్టట. స్కేలు పెట్టి కొలుస్తుంటే దేవుడి పేరు ఎన్నిసార్లు తలుచుకున్నానో. అంతకుముందు నెల ఆయన్ని తిట్టిన తిట్లూ తక్కువేం కాదు. సగం కంటే కాస్త ఎక్కువే తగ్గింది. మొత్తం మూసుకోవడానికి ఐదు నెలలు పట్టింది.

షుగర్ ఉన్నవాళ్ళు ఈ నాలుగు మాటలు వినండి. డాక్టరు అడగకపోయినా మీరే సాక్సు విప్పి పాదం చూపించండి. బూటులో కాలు పెట్టేముందు చెయ్యి పెట్టి తడమండి. ఇంట్లో కూడా వట్టి కాళ్ళతో తిరగొద్దు. వేడినీళ్ళలో కాళ్ళు ముంచొద్దు, ఎంత వేడో మీ పాదం చెప్పలేదు. పుండుతో పాటు జ్వరమో చలో వస్తే పొద్దున చూద్దామని ఆగొద్దు. కాలు తీయాలని ఎవరైనా అంటే, రక్తప్రసరణ చూశారా అని అడగండి.

మానినవాళ్ళలో 100కి 40 మందికి ఏడాదిలోపే మళ్ళీ పుండు పడుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. నాకు ఏడాది నిండాలంటే ఇంకా ఐదు నెలలుంది. అందుకని రోజూ రాత్రి మా ఆవిడ రెండు పాదాల మీదా ఒకే చోట థర్మామీటరు పెట్టి, నోట్‌బుక్‌లో రాస్తుంది. తేడా 2.2 డిగ్రీల సెల్సియస్ దాటితే లోపల ఏదో రాజుకుంటోందని అనుమానించాలట. మొన్న 2.4 వచ్చింది. ఏమీ అనకుండా లేచి వెళ్ళింది. నా గుండె ఆగినంత పనైంది. అటక మీద నుంచి చేతికర్రలు దించి తెచ్చింది. రెండు రోజులు ఆ కాలు నేల మీద మోపనివ్వలేదు.

ఇవాళ 1.1 వచ్చింది. కర్రలు మాత్రం ఇంకా మంచం పక్కనే ఉన్నాయి.