అరెథూసా ఊళ్ళో

సిరాకూజ నాణేలు సేకరించేవాళ్ళు సిరాకూజలో నాణేలు కొనరు. ఈ మాట విమానం ఎక్కేముందే చెప్పినా మా ఆయన నమ్మలేదు. "కంచి దాకా వెళ్ళి పట్టుచీర కొనకుండా వస్తావా నువ్వు?" అన్నారు.

మేముండేది మ్యూనిక్‌లో. పాత నాణేల వ్యాపారానికి పేరున్న ఊరు కాబట్టి, ఆఫీసు నుంచి వస్తూ ఒక వేలం ప్రదర్శనలోకి తొంగి చూడటంతో నా పిచ్చి మొదలైంది. నాది ఒక్క ఊరి సేకరణ. ఇటలీలోని సిసిలీ దీవి తూర్పు తీరంలో, క్రీ.పూ. 734 ప్రాంతంలో కొరింథు నుంచి వచ్చిన గ్రీకులు కట్టుకున్న సిరాకూజ. ఆర్కిమెడిస్ ఊరంటే మనవాళ్ళకి వెంటనే తెలుస్తుంది. నా జీతానికి అందేవి కంచు నాణేలు, గ్రాము కూడా తూగని లిట్రా అనే చిన్న వెండి నాణేలు. ఒక లిట్రా మీద బొమ్మ వైపు అమ్మాయి తల, బొరుసు వైపు ఆక్టోపస్ ఉంటాయి. దాన్ని చూసినప్పుడల్లా ఆ ఊరు వెళ్ళాలనిపించేది.

అక్కడ ఎందుకు కొనరంటే, ఇటలీలో భూమిలో దొరికిన పురావస్తువు ప్రభుత్వానిదే. 1909 నుంచీ ఉన్న చట్టం అది. అనుకోకుండా దొరికినా 24 గంటల్లో అధికారులకి చెప్పాలి. చెప్పినవాడికి విలువలో నాలుగోవంతు దాకా బహుమతి రావచ్చు. మన దగ్గరా 1878 నాటి నిధి చట్టం ఉంది కదా, పది రూపాయలు దాటిన నిధి దొరికితే కలెక్టరుకి చెప్పాలని. ఇటలీలో సక్రమంగా వ్యాపారం చేసే డీలర్లు ఉన్నారు. కానీ వాళ్ళ దగ్గర కొన్నా నాణేన్ని దేశం దాటించాలంటే ఎగుమతి అనుమతి కావాలి. అందుకే నాలాంటివాళ్ళు పాత సేకరణల నుంచి కాగితాలతో సహా వేలానికి వచ్చినవాటి కోసం కాచుకుని ఉంటారు. ఊరికి వెళ్ళేది చూడ్డానికే.

కటానియా విమానాశ్రయం నుంచి బస్సులో గంటకి కాస్త పైన. వెనక ఎట్నా కొండ, ముందు ఫ్యాక్టరీల పొగ గొట్టాలు. ఆ దారి గురించి చెప్పుకోవడానికి ఇంకేం లేదు.

పాత ఊరు ఓర్టీజియా అనే చిన్న దీవి. వంతెన దాటితే నడిచే తిరగొచ్చు. సామాన్లు గదిలో పడేసి నేరుగా అరెథూసా ఊట దగ్గరికి వెళ్ళాం. సముద్రపు గట్టుకి ఆనుకుని గుండ్రటి గుంట, మధ్యలో పపైరస్ దుబ్బులు, బాతులు, చేపలు. గోడకి ఇటువైపు ఊటనీరు, అటువైపు అలలు. రెండువేల ఏళ్ళ కిందట రోమన్ వక్త సిసిరో కూడా ఇదే రాశాడు. ఊట నిండా చేపలేననీ, రాతికట్ట అడ్డు లేకపోతే సముద్రం ముంచేసేదనీ. కథేమిటంటే, అరెథూసా అనే జలకన్య గ్రీసులో ఆల్ఫియస్ అనే నది వెంటపడితే తప్పించుకుని, సముద్రం అడుగునుంచి వచ్చి ఇక్కడ ఊటగా పైకి తేలిందట. ఆ నది అప్పటికీ వదల్లేదు, వెనకాలే వచ్చిందట. "వీడెవడో మరీ జిడ్డుగాడు" అన్నారు మా ఆయన.

సిరాకూజ వెండి నాణేల మీద అమ్మాయి తల చుట్టూ డాల్ఫిన్లు ఈదుతుంటాయి. ఆ అమ్మాయి అరెథూసా అనీ, డాల్ఫిన్లు దీవి చుట్టూ ఉన్న సముద్రమనీ పుస్తకాల్లో చదివాను. అప్పుడు బాగా అల్లారు అనుకున్నాను. ఆ గట్టు మీద నిలబడితే అల్లిక అనిపించలేదు. ఉప్పునీటి మధ్య మంచినీటి పిల్ల. అచ్చు చెక్కినవాడు తన వీధి చివర రోజూ చూసేదే చెక్కాడు.

మర్నాడు పావ్లో ఓర్సీ పేరు మీదున్న పురావస్తు మ్యూజియానికి వెళ్ళాం. పై అంతస్తుల్లో ఏముందో మా ఆయన్ని అడగాలి. నేను నేలమాళిగలోని నాణేల గది వదిలి రాలేదు.

నేను ఫొటోల్లో తప్ప చూడనిది డెకాడ్రాక్మ్. డ్రాక్మా అంటే అప్పటి గ్రీకు వెండి నాణెం. ఇది పది డ్రాక్మాల నాణెం, 43 గ్రాముల దాకా తూగుతుంది. నా లిట్రాలు యాభై కలిపినా దానికి సరిపోవు. క్రీ.పూ. 400కి కాస్త అటూ ఇటూగా కిమోన్, యూయైనెటోస్ అనే ఇద్దరు వీటికి అచ్చులు చెక్కారు. పేర్లు ఎలా తెలుసంటే, వాళ్ళే సంతకం పెట్టుకున్నారు. కిమోన్ డాల్ఫిన్ ఒంటి మీద కూడా తన పేరు చెక్కాడు. మన నోటు మీద రిజర్వ్ బ్యాంకు గవర్నరు సంతకం ఉంటుంది గానీ బొమ్మ గీసినాయన పేరెక్కడైనా ఉంటుందా! బొరుసు వైపు నాలుగు గుర్రాల రథం, దాన్ని తోలేవాడికి కిరీటం పెట్టడానికి ఎగిరొస్తున్న విజయదేవత. అడుగున కవచం, డాలు, శిరస్త్రాణం. అవి పందెంలో గెలిచినవాడికిచ్చే బహుమతులు. సుత్తితో కొట్టిన నాణేలు కదా, చాలావాటి మీద ఆ అడుగు భాగం వెండి బిళ్ళకి అందక తెగిపోయి ఉంటుంది. పూర్తిగా పడినదానికి వేలంలో ధర ఎలా ఎగురుతుందో నాకు తెలుసు. అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయాను. గార్డు వచ్చి ఏదో అన్నాడు, కొంచెం వెనక్కి జరగమని కాబోలు.

ఈ పెద్ద నాణేలు ఏథెన్సు మీద గెలుపుకి గుర్తుగా వేశారని వెనకటి పండితులు అనేవారు. ఇప్పుడు చాలామంది వాటిని ఆ తర్వాత ఊరిని ఏలిన డయోనీసియస్ కాలానికి జరుపుతున్నారు. ఆ గెలుపు మాత్రం చిన్నదేం కాదు. క్రీ.పూ. 415లో ఏథెన్సు తన నౌకాబలాన్ని ఈ ఊరి మీదికి పంపింది. 413లో మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. ఆ యుద్ధం గురించి గ్రీకు చరిత్రకారుడు థుసిడిడీస్ రాసినదాంట్లో నాణేలు సేకరించేవాళ్ళని కదలనివ్వని వాక్యం ఒకటుంది. ఏథెన్సు సేనాని డెమోస్తనీస్‌తో పాటు లొంగిపోయిన ఆరువేలమంది తమ దగ్గరున్న డబ్బంతా వెల్లకిలా పెట్టిన డాళ్ళలో వేస్తే నాలుగు డాళ్ళు నిండాయట. సిసిలీలో వెండి గనులు లేవు. అక్కడి వెండంతా వ్యాపారంలోనో యుద్ధంలోనో బయటినుంచి రావాల్సిందే. ఆ నాలుగు డాళ్ళలోని గుడ్లగూబ బొమ్మ ఉన్న ఏథెన్సు నాణేలు కరిగి ఎవరి ముఖంగా మారాయో అని ఊహించడం నాకిష్టం. రుజువేం లేదు, ఊహే.

ఖైదీలు ఏడువేలకి పైగా. వాళ్ళని రాతి క్వారీల్లోకి దింపారు. ఎనిమిది నెలలపాటు మనిషికి రోజుకి దాదాపు పావు లీటరు నీళ్ళు, దానికి రెట్టింపు కొలత ధాన్యం. ఇప్పుడు ఆ క్వారీల్లో ఒకటి నిమ్మచెట్లతో పార్కులా ఉంది. చివర్న 'డయోనీసియస్ చెవి' అనే పొడవాటి గుహ ఉంటుంది. టూరిస్టులంతా లోపలికెళ్ళి పాటలు పాడుతున్నారు. మాకు పాడబుద్ధి కాలేదు.

డయోనీసియస్ అంటే క్రీ.పూ. 405 నుంచి 367 దాకా ఊరిని ఏలిన నియంత. అరిస్టాటిల్ పేరు మీదున్న ఒక గ్రంథంలో ఆయన గురించి ఒక కథ ఉంది. జనం దగ్గర అప్పు చేశాడు. తీర్చమని అడిగితే, ఎవరి దగ్గరున్న వెండి వాళ్ళు తెచ్చి ఇవ్వకపోతే మరణశిక్షే అన్నాడు. వచ్చిన ఒక్కో డ్రాక్మా మీద రెండు డ్రాక్మాల ముద్ర గుద్దించి, దాంతోనే పాత అప్పు, కొత్త అప్పు రెండూ తీర్చేశాడు. 2016 నవంబరులో ఏటీఎం ముందు నిలబడినవాళ్ళకి ఆ ఊరివాళ్ళ టెన్షన్ నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

సాయంత్రం కెథడ్రల్ పక్క సందులో ఒక పెద్దాయన చేతిరుమాలు విప్పి చూపించాడు. డెకాడ్రాక్మ్! తాతల నాటి పొలంలో దొరికిందట. రెండు వందల యూరోలు. చేతిలోకి తీసుకోగానే తేలిగ్గా ఉంది. జుట్టు పాయలు సబ్బు అరిగినట్టు మెత్తగా ఉన్నాయి. అంచు చుట్టూ సన్నగా గీత కనిపించింది, రెండు సగాలు కలిపి పోత పోస్తే వచ్చే గీత. నిజమైనదైతే కేసు, నకిలీ అయితే దండగ. "బెల్లా", అంటే అందంగా ఉంది, అని తిరిగి ఇచ్చేశాను. మేం సందు మలుపు తిరిగేలోపు ధర ఇరవైకి దిగింది. మా ఆయన ఆగబోయారు గానీ, చివరికి పక్క కొట్లో అరెథూసా ముఖమున్న ఫ్రిజ్ మాగ్నెట్ కొనుక్కున్నారు.

ఆ కెథడ్రల్ కూడా చూడాల్సిందే. బయటినుంచి చూస్తే 1693 భూకంపం తర్వాత కట్టిన ముఖద్వారం, లోపలికెళితే గోడల్లో ఇరుక్కున్న లావుపాటి గ్రీకు స్తంభాలు. క్రీ.పూ. 480లో సిసిలీలోని హిమెరా దగ్గర ఉత్తర ఆఫ్రికా నగరం కార్తేజ్‌ని ఓడించిన గెలోన్ అనే సిరాకూజ పాలకుడు కట్టించిన ఎథీనా గుడి అది. స్తంభాల మధ్య సందులు పూడ్చి చర్చి చేసుకున్నారు.

నాకు అన్నిటికంటే నచ్చింది మాత్రం కొండవాలులో తొలిచిన గ్రీకు నాటకశాల. మెట్ల వరసల మధ్య నడవా గోడ మీద రాజకుటుంబం పేర్లు చెక్కి ఉన్నాయి. అరిగిపోయిన అక్షరాల్లో ఒకచోట 'రాణి ఫిలిస్టిస్' అని ఉంది. రెండో హియెరాన్ భార్య. ఆయన ఆర్కిమెడిస్ కాలపు రాజు. ముసుగు వేసుకున్న ఆవిడ ముఖంతో, ఇవే రెండు మాటలతో వెండి నాణేలున్నాయి. ఆవిడ పేరు మనకి తెలిసింది ఆ నాణేల వల్లా, ఈ గోడ వల్లానే. భర్త పేరుతో కంచు నాణేలు కొల్లలు, త్రిశూలం బొమ్మవి వంద యూరోలలోపే దొరుకుతాయి. నా దగ్గరా ఉన్నాయి. ఆవిడదే లేదు.

మ్యూనిక్ వచ్చాక ఒక వేలం జాబితాలో ఫిలిస్టిస్ కనిపించింది. పాత సేకరణది, కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆన్‌లైన్‌లో కూర్చున్నాను, మా ఆయన కాఫీ కలిపి తెచ్చారు. కాఫీ చేతికొచ్చేలోపే ధర నా లిమిట్ దాటేసింది. "పోనీ మాగ్నెట్ ఉందిగా" అన్నారు.